సహాయకుడికి బుర్ర అక్కరలేదా?

పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన మనిషికి చొక్కా తొడగాలంటే జబ్బు చెయ్యి ముందు, మంచి చెయ్యి తరవాత. విప్పేటప్పుడు ఇది తారుమారు. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బుపడినవారు రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదునిచ్చే చికిత్స) అసిస్టెంటు చదువు చదివేవారు ఈ ముక్కను అరనిమిషంలో బట్టీ పట్టగలరు. కానీ ఆ మనిషికి ఎడమ పక్క ఒకటుందన్న ధ్యాసే లేకపోతే? కంచంలో కుడి సగం తిని చెయ్యి కడుక్కునేవారు, కుడి చెంప ఒక్కటే గీసుకుని గడ్డం అయిందనుకునేవారు ఉంటారు. కంటిచూపులో లోపం లేకపోయినా మెదడు ఆ పక్కను లెక్కలోకి తీసుకోదు. అలాంటివారికి ‘ఎడమ చెయ్యి ముందు’ అని చెప్పి ఏం లాభం?

అసిస్టెంట్ల చదువులో కేసుల మీద బృందచర్చలెందుకు, పాఠం చెబితే చాలదా అనేవారున్నారు. ఈ కేసును నలుగురు విద్యార్థుల ముందు పెట్టండి. చొక్కా ఎడమ అంచున ఎర్ర పట్టీ అంటించి చూపును అటు లాగుదామంటారు ఒకరు. ఇంట్లో తోడెవరున్నారని అడుగుతారు మరొకరు. అంతవరకు నోరు విప్పని అమ్మాయి, ‘ఆయనకు చొక్కా కన్నా తన కాఫీ తాను కలుపుకోవడమే ముఖ్యమేమో, అడిగామా?’ అంటుంది. ఏ ఉపన్యాసమూ ఆమె చేత ఆ ప్రశ్న వేయించలేదు.

ఉద్యోగంలోనూ జరిగేది ఇదే. చికిత్స ప్రణాళికకు బాధ్యత థెరపిస్టుది; దాన్ని రోగి చేత చేయించేది అసిస్టెంటు. ఫలానాది పనిచేయడం లేదని ముందు కనిపెట్టేదీ, కారణంతో సహా పైవారికి చెప్పాల్సిందీ అసిస్టెంటే. 16 వారాల క్షేత్రశిక్షణ ఉందిగా అంటారు. నోరు విప్పడం రోగి మంచం పక్కనే మొదలుపెట్టాలా?

బృందంలో ఒకరు కష్టపడితే ముగ్గురు మార్కులు కొట్టేస్తారన్నది నిజమే. అది మార్కులు వేసే తీరులోని లోపం. ఇక ధ్రువీకరణ పరీక్ష ఎవరికివారే రాయాలంటారా, అందులోనూ రోగి పరిస్థితి చెప్పి ‘ఇప్పుడేం చేస్తావు’ అనే అడుగుతారు.

అసలు చిక్కు వేరే ఉంది. కాబోయే డాక్టర్లను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి కేసులతో చదువు చెప్పడం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లోనే మొదలుపెట్టింది. సహాయకుల దగ్గరికి వచ్చేసరికి చేతులుంటే చాలన్న చిన్నచూపు. అవుట్‌పేషెంట్ చికిత్సలో అసిస్టెంటు చేసిన పనికి 2022 నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్, అదే పని థెరపిస్టు చేస్తే ఇచ్చేదానిలో 85 శాతమే చెల్లిస్తోంది. మనమేం తీసిపోలేదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో చట్టం తెచ్చుకున్నాం. పారామెడికల్ తరగతిలో మాత్రం నోట్సు చెప్పి రాయించడమే బోధనగా చలామణి అవుతోంది. పాఠ్యప్రణాళిక రాసేవారు బోధన గంటలు లెక్కకట్టి ఊరుకోకుండా, వాటిలో విద్యార్థులు కేసు మీద వాదించుకునే గంటలెన్నో కూడా అందులోనే రాయాలి.