చింతాద్రిపేట మగ్గాలు, దావోస్ మాటలు

నేను రోజూ ఆఫీసుకు చెన్నైలోని చింతాద్రిపేట మీదుగానే వెళ్తాను. ‘చిన్న తరి పేట్టై’ అన్న మాటే అలా మారిందంటారు. తరి అంటే తమిళంలో మగ్గం. 1734లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు నేతగాళ్ళను, నూలు వడికేవాళ్ళను, అద్దకం పనివాళ్ళను తెచ్చి ఇక్కడ ఇళ్ళిచ్చి కుదిర్చారు.

ఇక్కడి బట్టను కంపెనీ ఓడలకెత్తుతున్న ఆ రోజుల్లోనే ఇంగ్లండులో అద్దకం నూలు బట్ట కట్టుకుంటే జరిమానా! 1721లో చట్టమే చేశారు. తర్వాత మిల్లులు లేచాయి, మాంచెస్టర్ బట్ట చవకైంది. అప్పుడు ఆ మిల్లు యజమానులే స్వేచ్ఛా వాణిజ్యం కావాలని ఉద్యమం నడిపారు. వాళ్ళ లెక్క ఇది: బయటి గోధుమలు వస్తే రొట్టె ధర తగ్గుతుంది, కూలి పెంచక్కర్లేదు. గోధుమలు అమ్మిన దేశం ఆ డబ్బుతో తమ బట్ట కొంటుంది. బయటి గోధుమల మీద సుంకం వేసే ధాన్యం చట్టాలు 1846లో రద్దయ్యాయి.

అమెరికాదీ అదే దారి. 1930లో సుంకాలు విపరీతంగా పెంచిన దేశం, యుద్ధంలో మిగతావాళ్ళ ఫ్యాక్టరీలు కూలిపోయాక 1947లో దేశాల మధ్య సుంకాలు తగ్గించే గాట్ ఒప్పందానికి ముందు నిలిచింది. 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో చేరిన చైనా తరఫున 2017లో ఆ దేశాధ్యక్షుడు షీ జిన్‌పింగ్ దావోస్ ప్రపంచ ఆర్థిక సదస్సులో స్వేచ్ఛా వాణిజ్యాన్ని వెనకేసుకొచ్చారు.

దీన్ని నేను కపటం అనను. సొంత ఊళ్ళో అమ్ముడుపోయే దానికంటే ఎక్కువ సరుకు తయారుచేసేవాడికి పక్క ఊరి సంత కావాలి. అంతే.

ఇప్పుడు మన వంతు వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం నుంచి రొయ్యల చెరువు చేసే మా మేనమామ కొడుకు ఫోన్ చేశాడు. “బావా, వంద కౌంట్ రేటు పడగొట్టేశారు. పట్టుబడి పట్టాలా, ఆగాలా?” వంద కౌంట్ అంటే కిలోకు వంద తూగే రొయ్యలు. ఆగితే మేత ఖర్చు, పట్టేస్తే నష్టం. ఆ టెన్షన్‌తో రాత్రంతా చెరువు గట్టు మీదే ఉన్నాడు.

అందుకే తెరిచిన మార్కెట్ల కోసం భారతదేశం గట్టిగా మాట్లాడాలని నేను కోరుకుంటున్నాను. 1991లో మన పీవీ తలుపులు తెరవకపోతే చెన్నైలో నాలాంటి వాళ్ళకు ఈ ఉద్యోగాలు ఎక్కడివి? కానీ బ్రిటన్, అమెరికా బలపడ్డాకే తెరిచాయి. చీరాల నేతగాడికి కూడా ఆ వ్యవధి దక్కాలి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు మన అధికారులు ఆ మగ్గం గుంట పక్కన కూర్చుని ఒక్క మాట అడగాలి: ఈ సుంకం ఎన్నేళ్ళలో తగ్గిస్తే నువ్వు తట్టుకోగలవు?