చెరిసగం ఫ్లాటు

(హైదరాబాదు, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. మెట్రోకి నడిచి వెళ్లేంత దగ్గర్లో లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. వదిన సావిత్రి రిటైరైన లెక్కల టీచరు, ఆడపడుచు లలితది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరూ చెరిసగం వేసుకుని కొన్నారు. బాగుచేసి అమ్మేద్దామని ఒకరి ఆలోచన, బాగుచేసి అద్దెకిద్దామని ఇంకొకరిది, ఈ సంగతి కొనకముందే మాట్లాడుకోవాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు. సావిత్రి భర్త, అంటే లలిత అన్నయ్య, ఈ ఫ్లాటు గురించి నోరెత్తనని ఒట్టేసుకున్నాడు. తెలివైనవాడు.)

సావిత్రి: లలితా, గోడలన్నీ ఇలా చెక్కించావేంటే? నిన్నటిదాకా ఇల్లులా ఉండేది!

లలిత: లోపల పాత అల్యూమినియం వైరుంది వదినా. అద్దెకొచ్చేవాళ్లు రెండు ఏసీలు, గీజరు, వాషింగ్ మెషీను అన్నీ ఒకేసారి వేస్తారు. రాగి వైరు లాగిస్తున్నా.

సావిత్రి: గోడలో రాగి ఉందో బంగారం ఉందో కొనేవాడికి కనిపిస్తుందా? ఆ డబ్బుతో హాల్లో ఫాల్స్ సీలింగ్, చుట్టూ లైట్లు వచ్చేవి. ఫోటోలో మెరిసిపోయేది.

లలిత: ఈ ఎత్తుకి ఫాల్స్ సీలింగా? అన్నయ్య చెయ్యెత్తితే ఫ్యాను తగులుతుంది.

సావిత్రి: మీ అన్నయ్య ఏ పనికి చెయ్యెత్తాడు గనక! సరే, ఈ మొజాయిక్ మాత్రం తీయించేస్తున్నా. పెద్ద టైల్స్ వేయిద్దాం.

లలిత: ఎందుకు? పాలిష్ పట్టిస్తే అద్దంలా ఉంటుంది, ఖర్చూ తక్కువ.

సావిత్రి: మొజాయిక్ చూస్తే వచ్చినవాడికి వాళ్ల అమ్మమ్మ గుర్తొస్తుంది. అమ్మమ్మ గుర్తొచ్చినవాడు 75 లక్షలివ్వడు.

లలిత: 75 లక్షలకి అమ్మితే మనకి మిగిలేదెంతో లెక్కేశారా?

సావిత్రి: నాకే లెక్కలు చెప్తున్నావా? 58కి కొన్నాం, రిపేర్లకి 9. మొత్తం 67. 75కి అమ్మితే 8 లక్షలు, చెరి నాలుగు. నేను గాజులు కూడా చూసొచ్చా.

లలిత: గాజులు అక్కడే ఉండనివ్వండి. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కట్టాం. అది 4 లక్షల 35 వేలు.

సావిత్రి: అది... అది కట్టేశాం కదా, అయిపోయిన ఖర్చు!

లలిత: కట్టేస్తే ఖర్చు కాకుండా పోతుందా? మీ క్లాసులో ఇలాగే చెప్పారా? అమ్మేటప్పుడు బ్రోకరుకి ఒక శాతం, 75 వేలు. ఇక మిగిలింది 2 లక్షల 90 వేలు. చెరి లక్షా 45 వేలు. బ్యాంకు లోను 40 లక్షలుంది, ఎనిమిదిన్నర శాతం మీద నెలకి 28 వేల పైచిలుకు వడ్డీ. ఈ రిపేర్లు, అమ్మకం కలిపి నాలుగు నెలలు పట్టిందనుకోండి, చెరి 56 వేలు దానికే పోతాయి. ఇంకా పన్ను చెప్పలేదు.

సావిత్రి: చెప్పకు.

లలిత: 24 నెలలు నిండకుండా అమ్మితే లాభాన్ని మన ఆదాయంలో కలిపేస్తారు. నాది 30 శాతం స్లాబు. నా వాటాకి 43 వేలు పన్ను. సెస్సు సంగతి వదిలేసినా చివరికి నా చేతిలో పడేది 45 వేలు! అది కూడా రిపేర్లకి సరైన బిల్లులుండి, ఆఫీసరు ఒప్పుకుంటేనే. మీ మేస్త్రీ బిల్లు ఇచ్చాడా?

సావిత్రి: ఇచ్చాడుగా. సిగరెట్ పెట్టె మీద రాసి.

లలిత: అదీ సంగతి. రెండేళ్లు ఆగి అమ్మితే పన్ను 12.5 శాతమే.

సావిత్రి: ఇండెక్సేషన్ అని, ధరలు పెరిగిన మేరకు కొన్న ధరని పెంచి లెక్కేసేది ఒకటుండేదిగా? మీ అన్నయ్య స్థలం అమ్మినప్పుడు విన్నా.

లలిత: 2024 జూలై 23 నుంచి తీసేశారు. అంతకుముందు కొన్నవాళ్లకి మాత్రం, కావాలంటే ఇండెక్సేషన్‌తో 20 శాతం కట్టే వీలుంచారు. మనం కొన్నది మొన్న.

సావిత్రి: ఆహా. మరి నీ అద్దె లెక్క కూడా విందాం. నెలకెంతొస్తుంది?

లలిత: 22 వేలు.

సావిత్రి: వడ్డీ 28 వేలు. నెలనెలా ఆరు వేలు ఎదురు పెట్టి ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఏసీలో పడుకోబెడతావన్నమాట. పైగా రాగి వైరు మీద!

లలిత: అద్దె ఏటా పెరుగుతుంది, అప్పు తరుగుతుంది. అద్దె ఆదాయంలో 30 శాతం పన్ను లెక్కలోంచి తీసేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, పాత బిల్డింగు కాబట్టి మన ఫ్లాటుకి 46 గజాల భూమి వాటా ఉంది. కొత్త టవర్లలో అంత ఎక్కడిస్తారు?

సావిత్రి: ఆ 46 గజాలు ఎక్కడుందో చూపించు, వెళ్లి మల్లెతీగ పెట్టుకుంటా.

లలిత: అలా విడిగా ఉండదు వదినా, అందరితో కలిపి ఉంటుంది.

సావిత్రి: నీతో సగం పంచుకున్నదే చాలకపోతే ఇంకో పదకొండు కుటుంబాలా!

లలిత: అమ్మాలన్నా అంత తేలిక కాదు. కొనేవాడు దిక్సూచి పట్టుకునొస్తాడు. చిన్న బాత్రూమ్ సరిగ్గా ఈశాన్యంలో ఉంది.

సావిత్రి: దాన్ని స్టోర్‌రూమ్ చేసేద్దాం. కమోడ్ మీద బియ్యం డబ్బా పెడితే ఎవరికి తెలుస్తుంది?

లలిత: రెండు బాత్రూములుంటేనే ఇద్దరు ఉద్యోగం పిల్లలు కలిసి తీసుకుంటారు.

సావిత్రి: బ్యాచిలర్సా? సాయంత్రం మెట్ల మీద పదిహేను జతల చెప్పులు! ఫ్యామిలీకే ఇస్తాం.

లలిత: ఇస్తాం అన్నారు! అంటే అద్దెకి ఒప్పుకున్నట్టేగా?

సావిత్రి: వాక్యం అలా వచ్చింది. నేను లెక్కల టీచర్ని, తెలుగు కాదు.

లలిత: సరే, ఫ్యామిలీకే. 11 నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు. గోడలకి మేకులు కొట్టకూడదని రాయిద్దాం.

సావిత్రి: చెక్కడాలన్నీ నువ్వే చెక్కేశాక మేకు కొట్టడానికి గోడేం మిగిలింది?

లలిత: ముందు బాత్రూమ్ చూద్దాం పదండి. నిన్న పొద్దున నీళ్లు పోయే నహానీ ట్రాప్ మూసి నీళ్లు నిలబెట్టించా, 24 గంటలయ్యాయి. నీటిమట్టం దిగకపోతేనే టైల్స్... వదినా, నీళ్లేవి?

సావిత్రి: ఎండకి ఆవిరైపోయుంటాయి.

లలిత: బాత్రూములో ఎండేంటి? వాటర్‌ప్రూఫింగ్ ఎన్ని కోటింగులు వేశాడు మీ మేస్త్రీ?

సావిత్రి: ఒకటి చాలన్నాడు. మంచివాడేనే, నా స్టూడెంటే.

లలిత: డబ్బా మీద రెండని రాసుందిగా!

సావిత్రి: వాడికి అంకెలతో ముందు నుంచీ కాస్త ఇబ్బందే. టెన్త్‌లో 31 వస్తే నేనే నాలుగు కలిపి పాస్ చేయించా.

(తలుపు దబదబ కొట్టిన చప్పుడు. కింది ఫ్లాటావిడ, నెత్తిన తడి టవలు.)

కింది ఫ్లాటావిడ: మా బాత్రూమ్ కప్పు నుంచి ధారగా కారుతోందండీ, గీజరు మీదే పడుతోంది! ఈ ఫ్లాటు ఓనర్లు ఎవరు?

(సావిత్రి లలిత వైపు చూసింది. లలిత సావిత్రి వైపు చూసింది. ఫ్లాటు కొన్న తర్వాత ఇద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన రావడం ఇదే మొదలు.)

సావిత్రి: ఏమోనండీ, మేం అద్దెకి చూద్దామని వచ్చాం.

లలిత: అవునండీ. నచ్చలేదు, వెళ్లిపోతున్నాం.

కింది ఫ్లాటావిడ: బతికిపోయారు తల్లీ. ఆ ఓనర్లు ఇద్దరూ ఆడవాళ్లేనట, పొద్దస్తమానం ఒకటే దెబ్బలాట. కింద మాకు టీవీ కూడా వినబడదు!

సావిత్రి: అయ్యయ్యో! వాళ్లలో పెద్దావిడ తప్పేమీ ఉండదనుకుంటానండీ.

లలిత: వదినా!