డీజిల్ భారం దుక్కి దగ్గరే మొదలవుతుంది

ఇంధన ధరలు పెరిగితే వాహనాలున్నవారికే ఇబ్బంది అని ఒక వ్యాసకర్త రాశారు; ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. మా ఊళ్లో సొంత ట్రాక్టరు లేని కౌలు రైతులు దుక్కికి, వరినాట్లకు ముందు మడిని బురదగా దున్నే దమ్ముకు, వరికోత మిషనుకు గంటల లెక్కన కిరాయి కడతారు. డీజిల్ ధర పెరిగిన వెంటనే ఆ కిరాయి పెరుగుతుంది గానీ, పండించిన ధాన్యానికి ధర మాత్రం అప్పటికప్పుడు పెరగదు. మొన్న దమ్ము చేయించిన మా చిన్నమ్మ, డ్రైవరు చెప్పిన కొత్త రేటు విని, కొంగుముడి విప్పి నోట్లను రెండుసార్లు లెక్కపెట్టుకుంది. అంతర్జాతీయ విపణిలో ముడిచమురు ధర పడిపోయిన 2020 మే నెలలో కేంద్రం లీటరు డీజిల్‌పై ఒకేసారి 13 రూపాయల సుంకం పెంచడంతో, ఆ చౌకదనం రైతు దాకా రానే లేదు. ఆ తర్వాత 2021లో, 2022లో కొంత తగ్గించిన మాట నిజమే. అయినా, జీఎస్టీ పరిధిలోకి రాని ఈ సరుకుపై కేంద్రం సుంకం, రాష్ట్రం వ్యాట్ వసూలు చేస్తున్నంతకాలం, కనీసం సాగుకు వాడే డీజిల్‌కైనా రెండు ప్రభుత్వాలూ రాయితీ ఇవ్వాలి.