నెపోలియన్ సైన్యాన్ని చంపింది తగరపు గుండీలు కాదు

"గుండీ ఊడింది, సామ్రాజ్యం కూలింది" అన్న శీర్షికతో ఒక సందేశం ఈ నెలలో నాకు అయిదుసార్లు వచ్చింది. కాలేజీ మిత్రుల బృందంలో రెండుసార్లు, బంధువుల బృందంలో ఒకసారి, పాత సహోద్యోగుల నుంచి విడివిడిగా రెండుసార్లు. మొదటిసారి చదివి ఊరుకున్నాను. రెండోసారి "ఇది నిజం కాదండీ" అని ఒక ముక్క రాశాను, ఎవరూ పట్టించుకోలేదు. పోయిన ఆదివారం మా అన్నయ్య కూతురు ఫోన్ చేసి, "బాబాయ్, వక్తృత్వ పోటీలో నెపోలియన్ గుండీల కథ చెప్పబోతున్నాను. నువ్వు కెమిస్ట్రీ చెప్పేవాడివి కదా, తగరం గురించి నాలుగు వాక్యాలు చెప్పు" అంది. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఆ సందేశంలో ఆరు అంశాలున్నాయి. ఒకటి, 1812లో రష్యా చలికి ఫ్రెంచి సైనికుల తగరపు గుండీలు పొడి అయిపోయాయట. బట్టలు జారిపోకుండా రెండు చేతులతో పట్టుకోవలసి రావడంతో తుపాకి ఎత్తలేక ఆరు లక్షల మంది చనిపోయారట. రెండు, నెత్తురు మరకలు కనబడకూడదని బ్రిటిష్ వారు ఎర్రకోటు పెట్టారట. మూడు, సైనికులు ముక్కు తుడుచుకోకుండా నెపోలియన్ చొక్కా చేతులకు గుండీలు కుట్టించాడట. నాలుగు, తాను పొట్టివాడు కాబట్టి తన సైనికులకు ఎత్తు టోపీలు పెట్టించాడట. అయిదు, బ్రిటిష్ నావికుల కాలరు మీద ఉండే మూడు తెల్లచారలు వాళ్ల ప్రఖ్యాత నౌకా సేనాపతి నెల్సన్ మూడు విజయాలకు గుర్తట. ఆరు, నెపోలియన్ సైన్యం నీలిరంగు కోసం మన దేశం మీద ఆధారపడిందట.

చిన్నవి ముందు తేల్చేస్తాను. నెపోలియన్ ఎత్తు ఫ్రెంచి కొలతలో 5 అడుగుల 2 అంగుళాలు. ఫ్రెంచి అంగుళం ఇంగ్లిష్ అంగుళం కంటే పెద్దది. లెక్కగడితే 168 సెంటీమీటర్ల దాకా వస్తుంది, ఆ కాలపు ఫ్రెంచివాడికి అది పొట్టి కాదు. గ్రెనేడియర్లనే ప్రత్యేక పదాతి సైనికుల ఎత్తు టోపీలు ఆయన పుట్టకముందు నుంచే యూరప్ సైన్యాల్లో ఉన్నాయి. ముక్కు కథను ఒకరు నెపోలియన్ పేరుతో, మరొకరు ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పేరుతో, ఇంకొకరు నెల్సన్ పేరుతో చెబుతారు. పద్దెనిమిదో శతాబ్దపు కోట్లకు మణికట్టు దగ్గర వెడల్పాటి మడత ఉండేది, దాన్ని పట్టి ఉంచడానికి గుండీలు కావాలి. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఇక నావికులు. బ్రిటిష్ నౌకాదళంలో అధికారులకు 1748లో యూనిఫాం వచ్చింది గాని, మామూలు నావికులకు 1857 దాకా అధికారిక యూనిఫామే లేదు. నెల్సన్ 1805లో ట్రఫాల్గర్ దగ్గర చనిపోయాడు. ఆయన ఓడల మీద తాళ్లు లాగినవాళ్లు దొరికిన బట్టలు, ఓడ మీద అమ్మిన బట్టలు తొడుక్కున్నవాళ్లు. ఆ చారలకూ ఆయనకూ సంబంధం లేదు.

ఎర్రకోటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. 1645లో ఇంగ్లండ్ పార్లమెంటు తన కొత్త సైన్యానికి ఎరుపును ఎంచుకుంది. మంజిష్ఠ జాతి వేరుతో అద్దే ఆ ఎరుపు చవక, వేల గజాల బట్టకు ఒకేసారి దొరుకుతుంది. అధికారుల కోట్లకు మాత్రం కోచినీల్ పురుగు నుంచి తీసిన ఖరీదైన ఎరుపు వాడేవారు. నెత్తురు ఆరితే నల్లబడుతుంది, ఎర్రబట్ట మీద కూడా మరక స్పష్టంగా కనబడుతుంది. పైగా ఆ ఎర్రకోటు మీద అడ్డంగా రెండు తెల్ల తోలుపట్టీలు ఉంటాయి, కింద తెల్లటి లేదా బూడిదరంగు లాగు ఉంటుంది. నెత్తురు దాచాలనుకున్నవాడు అలా తొడిగిస్తాడా? ఆ కాలమంతా ఆస్ట్రియా పదాతిదళం తెల్లకోటుతో యుద్ధాలు చేసింది. వాళ్ల నెత్తురు వేరే రంగులో లేదు కదా.

ఆ ఎర్రకోటు మన వాళ్లు కూడా తొడిగారు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యపు సిపాయిల్లో తెలుగువారు ఎందరో ఉండేవారు, బెంగాల్‌లో సిపాయి అంటేనే 'తెలింగా' అనేంతగా. యూనిఫాం నిజంగా మనుషుల్ని చంపిన కథ కావాలంటే రష్యా దాకా వెళ్లనక్కరలేదు. మద్రాసు సైన్యంలో తోలు కుచ్చు ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలని, నొసట బొట్లు చెరిపేయాలని, గడ్డాలు గీయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. 1806 జూలై 10 తెల్లవారకముందే వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. వందకు పైగా బ్రిటిష్ సైనికులు, వందల మంది సిపాయిలు ఆ ఒక్కరోజులో పోయారు. దీన్ని ఒక్కరూ పంపరు. గుండీ కథ మాత్రం అయిదుసార్లు వస్తుంది.

ఇప్పుడు ఆ గుండీ దగ్గరికి వద్దాం. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పినవాణ్ని. తగరానికి తెగులు పట్టడం నిజం. 13 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే తెల్ల తగరం బూడిద తగరంగా మారే వీలుంది, మారితే పొడిగా రాలిపోతుంది. సందేశం రాసినవారు ఇక్కడితో ఆగిపోయారు. ఆ మార్పు ఎంత నెమ్మదిగా జరుగుతుందో చెప్పలేదు. మొదలవడానికే నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. తగరంలో కాస్త సీసమో యాంటిమొనీయో కలిసి ఉంటే దాదాపు ఆగిపోతుంది. ఆ రోజుల్లో గుండీలకు వాడిన తగరం అలాంటి మిశ్రమమే. అదిలాబాద్‌లో ఏటా చలికాలం రాత్రులు పది డిగ్రీల లోపుకు వెళతాయి. అక్కడి ఇళ్లలో చారు కాచుకునే తగరపు సత్తు గిన్నె తెల్లారేసరికి పొడి అయిందని ఎవరైనా విన్నారా?

పైగా ఫ్రెంచి సైన్యంలో అందరివీ తగరపు గుండీలు కావు. సంఖ్యలో అందరికంటే ఎక్కువైన లైన్ పదాతిదళానికి, అంటే మామూలు కాల్బలానికి, ఇత్తడి గుండీలు. ఫిరంగిదళానికి ఇత్తడి. చక్రవర్తి సొంత గార్డు దళానికి గద్ద బొమ్మ ఉన్న ఇత్తడి. తెల్ల లోహపు గుండీలు తేలిక పదాతిదళానికి, కొన్ని అశ్వదళాలకు ఉండేవి. లోపలి బట్టలకు తరచు ఎముక గుండీలు. పాత తరహా కోటు ఛాతీ మీద కొక్కేలతో బిగిసేది, అటూ ఇటూ వరుసగా కనిపించే గుండీలు చాలావరకు అలంకారం. అవన్నీ రాలిపోయినా లాగు జారదు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది తారీఖుల విషయంలో చూపిన నిర్లక్ష్యం. నెపోలియన్ 1812 జూన్ 24న రష్యా సరిహద్దులోని నీమెన్ నది దాటాడు. నాలుగు లక్షల పైచిలుకు మంది ఆయన వెంట నడిచారు, తర్వాత వచ్చి చేరినవారితో కలిపి ఆరు లక్షలు దాటింది. సెప్టెంబర్ 14న మాస్కోలో అడుగుపెట్టేటప్పటికి దగ్గర ఉన్నది సుమారు లక్ష మంది. దారిలో కాపలాకు, పక్క దాడులకు వదిలిన దళాలను లెక్కలోంచి తీసేసినా, మిగిలిన లోటు భయంకరమైనది. అది చలికాలపు లోటు కాదు. జూన్, జూలై, ఆగస్టు నెలలవి. ఎండ, వానలు, బురద, పచ్చి రై గడ్డి తిని కడుపుబ్బి చచ్చిన వేల గుర్రాలు, గుర్రాలు చావడంతో వెనకపడిన రొట్టెల బళ్లు, మురికి నీళ్లు, విరేచనాలు. మాస్కో వదిలింది అక్టోబర్ 19న. ఫ్రెంచి ఇంజినీరు మినార్ 1869లో గీసిన ప్రసిద్ధమైన పటంలో అన్నిటికంటే తీవ్రమైన చలి డిసెంబర్ 6 నాటిది: రియోమర్ కొలతలో సున్నాకు 30 డిగ్రీల దిగువన, అంటే సెల్సియస్‌లో మైనస్ 37.5. ముందు రోజే నెపోలియన్ సైన్యాన్ని వదిలి పారిస్‌కు బయలుదేరాడు. సైన్యం అనదగినది అప్పటికే లేదు.

నవంబర్ 26న ఏం జరిగిందో ఈ సందేశం పంపేవారికి చెప్పాలి. మాస్కో నుంచి వెనక్కు వస్తున్న దారికి అడ్డంగా ఉన్న బెరెజినా నది గడ్డకట్టి ఉంటే సైన్యం నడిచి దాటేసేది. మధ్యలో కొన్ని రోజులు చలి తగ్గడంతో అది కరిగి, మంచు దిమ్మెలతో పారుతోంది. వంతెన లేదు. పడవల వంతెన సామగ్రిని తగలబెట్టమని కొద్ది రోజుల ముందే చక్రవర్తి ఉత్తర్వు ఇచ్చాడు. ఎబ్లే అనే జనరల్ ఆ సామగ్రిలో కొలుములు, బొగ్గు, పనిముట్లు మాత్రం కాల్చకుండా దాచాడు. ఆయన కింద ఉన్న నాలుగు వందల మంది వంతెన పనివాళ్లు, వాళ్లలో చాలామంది డచ్చివాళ్లు, స్టుడెంకా అనే పల్లెలో ఇళ్లు విప్పి దూలాలు తెచ్చారు. ఛాతీ లోతు నీళ్లలో దిగి, మంచు దిమ్మెలు ఒంటికి తగులుతుంటే, వంతెనను మోసే కర్ర కాళ్ల చట్రాలు నిలబెట్టి రెండు వంతెనలు కట్టారు. బళ్లు వెళ్లే వంతెన మళ్లీ మళ్లీ కూలింది. నిప్పు దగ్గర పడుకున్నవాళ్లను లేపితే లేచి మళ్లీ నీళ్లలో దిగారు. ఎబ్లే యాభైమూడేళ్లవాడు, తానూ దిగాడు. 29వ తేదీ ఉదయం, వెనకబడినవారి కోసం ఆపగలిగినంత సేపు ఆపి, వంతెనలు తగలబెట్టాడు. డిసెంబర్ 31న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో చనిపోయాడు. నీళ్లలో దిగినవాళ్లలో ప్రాణాలతో ఇంటికి చేరినవారు బహు కొద్దిమంది.

ఆ మనుషుల గురించి మీరు పంపుతున్నది ఏమిటి? లాగులు పట్టుకుని చేతులు ఖాళీ లేక చచ్చారని! గొడ్డళ్లూ సుత్తులూ పట్టిన చేతులవి. ఈ మాట చదివి నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లలో నా స్నేహితులున్నారు, అందుకే ఇంత బాధ.

అసలు ఏం చంపిందో తెలుసుకోవడం ఇప్పుడు కష్టం కాదు. 2001లో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో పాత సైనిక బారకాసుల స్థలం తవ్వుతుంటే పెద్ద సామూహిక సమాధి బయటపడింది. 3 వేలకు పైగా మనుషుల ఎముకలు. వాళ్లు 1812 డిసెంబర్‌లో అక్కడికి చేరి చనిపోయినవాళ్లు. 2006లో ఆ దంతాల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్తలు 35 మందిని పరీక్షిస్తే, పేల వల్ల వచ్చే జ్వరాల ఆనవాళ్లు పదిమందికి దగ్గర్లో కనబడ్డాయి. 2025లో మరో బృందం మరికొన్ని దంతాల్లో పారాటైఫాయిడ్ సూక్ష్మజీవినీ, పేల ద్వారానే సోకే మరో జ్వరపు సూక్ష్మజీవినీ పట్టుకుంది. ఆకలి, పేలు, కలుషిత నీరు, ఆ పైన చలి. ఇదీ జాబితా. ఆ సమాధిలో గుండీలు కూడా దొరికాయి. వాటి మీద ఉన్న అంకెలు చదివే ఎవరు ఏ రెజిమెంటువారో గుర్తించారు. సుమారు 190 ఏళ్లు ఆ చల్లటి మట్టిలో ఉండి కూడా ఆ అంకెలు చదవడానికి పనికొచ్చాయి.

అన్నయ్య కూతురికి ఇదంతా చెప్పాను. "అయితే నా ఉపన్యాసం పోయినట్టే" అని దిగులుపడింది. ఎబ్లే గురించి మాట్లాడమన్నాను. రెండు రోజులుగా చదువుతోంది.

ఆరో అంశం మిగిలింది. దీన్ని కూడా కొట్టిపారేద్దామనే పుస్తకాలు ముందు వేసుకుని కూర్చున్నాను, కుదరలేదు. నీలిమందు ఫ్రాన్సుకు ప్రధానంగా రెండు వైపుల నుంచి వచ్చేది. ఒకటి కరీబియన్‌లోని సెయింట్ డొమింగ్, అది 1804కల్లా స్వతంత్ర హైతీ అయిపోయింది. రెండోది బెంగాల్, అది బ్రిటిష్ వారి చేతిలో ఉంది, సముద్రమూ వారి చేతిలోనే ఉంది. నీలిమందు దొరకక 1806లో నెపోలియన్ తన పదాతిదళాన్ని నీలికోటు నుంచి పాతకాలపు తెల్లకోటుకు మార్చమని ఆజ్ఞ ఇచ్చాడు. కొన్ని రెజిమెంట్లు తెల్లకోటు తొడిగాయి కూడా. మరుసటి ఏడాది మళ్లీ నీలానికే తిరిగాడు, ఆ తర్వాత టూలూజ్ ప్రాంతంలో నీలిరంగునిచ్చే పాత యూరప్ మొక్కను సాగు చేయించాడు. అంటే బెంగాల్ రైతు చేత బలవంతంగా పండించిన ఆకు, పారిస్ దర్జీ చేతిలోని బట్ట రంగును నిర్ణయించింది. పూర్తిగా మన దేశం మీదే అనడం అతిశయోక్తి గాని, మాటలో నిజముంది. ఆ ఒక్క అంశాన్ని విడిగా పంపండి, నేనే నలుగురికి పంపుతాను.