సెక్రెటెడ్ జీఎఫ్‌పీ వెలగకపోతే ప్లాస్మిడ్ పారేయాలా?

"సెక్-జీఎఫ్‌పీ ప్లాస్మిడ్: 5 గోల్డెన్ టిప్స్" అని ఒక మెసేజ్ మన బయోటెక్ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది, పొద్దున్నే ఎవరో ఒకరు పడేయడం, కింద వరసగా దండాలు. సెక్-జీఎఫ్‌పీ అంటే కణం బయటికి వెళ్ళేలా (సెక్రెట్ అయ్యేలా) చేసిన, పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ ప్రోటీన్; ప్లాస్మిడ్ అంటే దాని జీన్‌ని మోసుకెళ్ళే డీఎన్ఏ వలయం. నవ్వుకుని ఊరుకుందామంటే జూనియర్లు అది నమ్మి ప్లాస్మిడ్ ఉన్న మంచి బ్యాక్టీరియా కాలనీలు కూడా ఆటోక్లేవ్‌లో ఉడికించి పారేస్తున్నారు.

మొదటిది, సిగ్నల్ పెప్టైడ్ (ప్రోటీన్‌ని బయటికెళ్ళే దారిలో పెట్టే చిన్న ముక్క) ముందు పెట్టినా వెనక పెట్టినా ఒకటేనట. కాదు బాబూ, రైబోజోమ్ నుంచి ముందు బయటికొచ్చేది ఎన్-టెర్మినస్ (ప్రోటీన్ మొదటి కొస), ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్, బయటికెళ్ళే ప్రోటీన్ల మొదటి మజిలీ) దారి పట్టించేది అక్కడే ఉండాలి. వెనక పెట్టేది హెచ్‌డీఈఎల్ అనే నాలుగు అమైనో ఆమ్లాల ముక్క, అది పెడితే ప్రోటీన్ ఈఆర్‌లోనే ఉండిపోతుంది.

రెండు, 35ఎస్ వైరస్ కాబట్టి డేంజరట. క్యాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్‌లోంచి తీసిన ప్రమోటర్ ముక్క (జీన్‌ని ఆన్ చేసే డీఎన్ఏ) అది, వైరస్ కాదు. పదండి ముందుకి.

అసలు ఒళ్ళు మండేది మూడోదానికి. "బెంథామియానా ఆకులో ఇన్‌ఫిల్ట్రేట్ చేశాక కాన్ఫోకల్‌లో గ్రీన్ రాకపోతే క్లోనింగ్ ఫెయిల్, పారేయండి." (బెంథామియానా ల్యాబుల్లో వాడే ఒక పొగాకు జాతి మొక్క, ఇన్‌ఫిల్ట్రేట్ అంటే ద్రవాన్ని ఆకులోకి ఎక్కించడం, కాన్ఫోకల్ ఒక మైక్రోస్కోప్.) ఊరెళ్ళినవాడి ఇంట్లో లైటు వెలగట్లేదని వాడికి దినం పెట్టేస్తారా? అపోప్లాస్ట్ (కణాల బయట, గోడల్లోని చోటు) పీహెచ్ సుమారు 5 నుంచి 6, ఈజీఎఫ్‌పీ (జీఎఫ్‌పీలో మెరుగుపరిచిన రకం) పీకేఏ (వెలుగు సగానికి పడిపోయే పీహెచ్) 6 దగ్గర, అంటే బయటికెళ్ళిన జీఎఫ్‌పీ ఆ పులుపుకే సగానికి పైగా డల్ అయిపోతుంది, మిగిలినదాన్ని ప్రోటీన్లని కోసే ప్రోటియేజ్‌లు చూసుకుంటాయి. 2000లోనే బటోకో అనే పరిశోధకుడి బృందం వాళ్ళు చూపించారు కదా, మ్యూటెంట్ ర్యాబ్ (కణంలో సరుకు రవాణా నడిపే ప్రోటీన్) పెట్టి ఈఆర్ నుంచి తర్వాతి మజిలీ అయిన గాల్జీకి దారి మూసేస్తే అదే సెక్-జీఎఫ్‌పీ లోపల పోగుపడి వల లాగా బ్రహ్మాండంగా వెలిగింది. అంటే సెక్-జీఎఫ్‌పీ మరీ బాగా వెలిగిందంటేనే అనుమానపడాలి! మన గోల్డెన్ మహానుభావుడి లెక్కలో మాత్రం సెక్రెషన్ ఆగిపోయినోడు పాసు, సక్రమంగా జరిగినోడు ఫెయిలు. పారేసే ముందు ఆకుని న్యూట్రల్ బఫర్‌తో ఇన్‌ఫిల్ట్రేట్ చేసి చూడండి, కొంత వెలుగు తిరిగొస్తుంది (ప్రోటియేజ్‌లు తినేసింది రాదు లెండి), లేదా యాంటీ-జీఎఫ్‌పీ యాంటీబాడీతో ఒక వెస్టర్న్ (ప్రోటీన్ ఉందో లేదో సైజుతో సహా చూపే పరీక్ష) వేయండి, జీఎఫ్‌పీ సైజైన 27 కేడీఏ దగ్గర బ్యాండ్ ఉంటే నీ ప్లాస్మిడ్ బతికే ఉంది.

నాలుగు, సెల్ అంచున గ్రీన్ గీత కనిపిస్తే సెక్రెషన్ ప్రూవ్ అయినట్టేనట. మామూలు సైటోసోల్ జీఎఫ్‌పీ (కణం లోపలే ఉండేది) కూడా అంచునే గీతలా కనిపిస్తుంది, మధ్యలో వాక్యూల్ (కణంలోని పెద్ద నీటి సంచి) అంత చోటు ఆక్రమించి సైటోప్లాజమ్‌ని గోడకేసి నొక్కితే ఇంకేం చేస్తుంది. కాస్త మానిటాల్ (చక్కెర లాంటి పదార్థం) ద్రావణం పోసి ప్లాస్మోలైజ్ చేయండి, అంటే కణంలోని నీరు బయటికి లాగేయండి, మెంబ్రేన్ గోడని వదిలి లోపలికి ముడుచుకుంటుంది, రంగు దాంతోపాటు వచ్చేసిందా, బయట ఖాళీలో మిగిలిందా చూడండి, అప్పుడు మాట్లాడదాం.

ఐదు, బయటికి పంపాలంటే ఎంచెర్రీ (ఎర్రగా వెలిగే ప్రోటీన్) వాడండి అన్నాడు. ఇది నిజం, ఒప్పుకోక తప్పదు, నేనూ అదే చెప్తా. దాని పీకేఏ 4.5 కన్నా తక్కువ, అపోప్లాస్ట్‌లో హాయిగా వెలుగుతుంది. కాకపోతే వాక్యూల్లోనూ అంతే హాయిగా వెలుగుతుంది, దారి తప్పి అక్కడికి చేరినా ఎర్రగానే కనిపిస్తుంది, కాబట్టి ఆ మానిటాల్ సీసా అప్పుడే లోపల పెట్టేయకండి.