వారంలో ఒక్కరే చేసే రాపిడ్ రివ్యూ: ఆ సలహా ఎందుకు తప్పు

ప్రజారోగ్యంలో పీజీ (ఎం.పి.హెచ్.) చేసే విద్యార్థుల్లో, పీజీ డాక్టర్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది. థీసిస్‌కు టైం లేకపోతే రాపిడ్ రివ్యూ, అంటే ఒక ప్రశ్నపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ వెతికి తేల్చే పనిని కుదించి త్వరగా చేసేది, చేసేయమంటారు. ప్రోటోకాల్ (ముందే రాసిపెట్టుకునే ప్రణాళిక) పని లేదట. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్ ఒక్కటి చూస్తే చాలట. ఒక్కరే కూర్చుని వారంలో ముగించొచ్చట, అధ్యయనాల నాణ్యత చూడక్కర్లేదట, మిగతాది చాట్‌జీపీటీ రాసిపెడుతుందట. రివ్యూల పనిలోనే రోజులు గడిపేదాన్ని కాబట్టి ఇది చూసి ఊరుకోలేకపోతున్నాను. ఏ మందు కొనాలో, ఆశా కార్యకర్తలకు ఏ పని అప్పగించాలో తేల్చుకోవాల్సిన అధికారులు ఇలాంటి రివ్యూలనే నమ్ముకుంటారు.

అందులో నిజం ఒకటుంది. ఏదీ కుదించకుండా పద్ధతిగా చేసే పూర్తి సిస్టమాటిక్ రివ్యూకు చాలా కాలం పడుతుంది. రివ్యూల ప్రోటోకాల్స్‌ను ముందే నమోదు చేసే ప్రోస్పెరో రిజిస్టర్‌లోని 195 రివ్యూలను లెక్కగట్టి 2017లో వేసిన ఒక పేపర్ ప్రకారం, నమోదు నుంచి ప్రచురణ దాకా సగటున 67 వారాలు. నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లు అన్నాళ్లు ఆగలేరు, రాపిడ్ రివ్యూ వచ్చింది అందుకే. దాన్ని ఎలా చేయాలో, ఇలాంటి రివ్యూలు చేసే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ 2020లో తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చింది, 2024లో వాటిని సవరించింది. ఆ సలహా రాసినవాళ్లు ఈ రెండిట్లో ఏదీ తెరిచినట్టు లేదు.

ప్రోటోకాల్ అక్కర్లేదన్నది అన్నిటికన్నా పెద్ద తప్పు. రాపిడ్ రివ్యూలో టైం కలిసొచ్చేది ప్రశ్నను కుదించుకున్నప్పుడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే తీసుకోండి. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బుకు కారణమేమిటి అని మొదలుపెడితే తాగునీరు, సిలికా, పురుగుమందులు, ఎండ, వంశపారంపర్యం అంటూ ఏడాదైనా తెమలదు. "ఎండలో పనిచేసే కూలీలకు నీళ్లు, నీడ, విశ్రాంతి ఏర్పాటు చేస్తే కిడ్నీలు దెబ్బతినడం తగ్గుతుందా?" అని అడిగితే కొద్ది నెలల్లో తేల్చే వీలుంది. ఎవరి గురించి, ఏ చర్య, దేనితో పోలిక, ఏ ఫలితం అన్న నాలుగూ వెతకడానికి ముందే కాగితం మీద పెట్టాలి. లేకపోతే నచ్చిన పేపర్లు దొరికేకొద్దీ ప్రశ్న అటువైపే జరిగిపోతుంది, ఆ జరగడం చేసేవాళ్లకే తెలియదు. రాపిడ్ రివ్యూను ప్రోస్పెరోలో నమోదు చేసుకోవచ్చు కూడా.

ఇక పబ్‌మెడ్ ఒక్కటి చాలన్న మాట. చికిత్సల మీద రివ్యూ అయితే కాక్రేన్ చూడమన్న డేటాబేస్‌లు సెంట్రల్, మెడ్‌లైన్ (పబ్‌మెడ్‌లో ఉండేది ప్రధానంగా ఇదే), అందుబాటులో ఉంటే ఎంబేస్. ఎంబేస్‌కు చందా కట్టాలి, మన కాలేజీల్లో చాలాచోట్ల ఉండదు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. అప్పుడు లేదనే రాయండి, దొరికిన పేపర్ల చివర ఉన్న రిఫరెన్సులు తిరగేయండి. అయితే అంతకన్నా ఎక్కువ దెబ్బ తగిలేది వెతికే మాటల దగ్గర. 'ఉద్దానం కిడ్నీ' అని కొడితే వచ్చేవి కొద్దే. ఇలాంటి జబ్బునే శ్రీలంక పేపర్లలో సీకేడీయూ (కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) అంటారు, నికరాగువా, ఎల్ సాల్వడార్ పేపర్లలో మీసోఅమెరికన్ నెఫ్రోపతీ అంటారు. ఈ పేర్లన్నీ సెర్చ్‌లో 'ఆర్' (లేదా) పెట్టి కలపకపోతే పైన అడిగిన ప్రశ్నకు జవాబే దొరకదు. నీళ్లు, నీడ, విశ్రాంతి పథకాలు నడిపి చూసింది ఎక్కువగా మధ్య అమెరికా దేశాల చెరకు తోటల్లోనే.

ఒక్కరే చేయొచ్చా? నాకు జరిగింది చెబుతాను. పేపర్లను వడపోసే రయ్యాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో బ్లైండ్ ఆన్ చేసుకుని (ఒకరి నిర్ణయం ఇంకొకరికి కనబడకుండా) నేను, మా సహోద్యోగి ఒకావిడ ఎవరికి వాళ్లం అబ్‌స్ట్రాక్టులు (పేపర్ల సారాంశాలు) చూస్తున్నాం. మధ్యాహ్నం భోజనమయ్యాక రెండొందలు దాటేసరికి నా కళ్లు గీతల మీద జారిపోతున్నాయి. చెరకు కూలీలకు తగిలే ఎండదెబ్బ మీద ఒకటి వచ్చింది. టైటిల్లో కిడ్నీ మాట లేదు, ఎక్స్‌క్లూడ్ నొక్కేశాను. సాయంత్రం బ్లైండ్ తీస్తే అక్కడ కాన్‌ఫ్లిక్ట్ చూపించింది. ఆవిడ ఇన్‌క్లూడ్ చేశారు. ఆ అబ్‌స్ట్రాక్టు చివరి వాక్యంలో, కిడ్నీల పనితీరు చెప్పే సీరమ్ క్రియాటినిన్ ఎంత పెరిగిందో ఉంది! మా ప్రశ్నకు కావలసిన ఫలితం అదే.

ఇది నా ఒక్కదాని పరధ్యానం అనుకోకండి. 2020లో గార్ట్‌లేనర్ బృందం ఇదే విషయంపై రాండమైజ్డ్ ట్రయల్ (లాటరీ పద్ధతిలో పంచి పోల్చే పరీక్ష) చేసింది. ఒక్కరే అబ్‌స్ట్రాక్టులు చూసినప్పుడు పనికొచ్చే అధ్యయనాల్లో 13 శాతం చేజారాయి. ఇద్దరు చూస్తే 3 శాతమే. కాక్రేన్ 2020 మార్గదర్శకాల్లో దీనికి మధ్యేమార్గం చూపింది. కనీసం 20 శాతం అబ్‌స్ట్రాక్టులు ఇద్దరూ చూడాలి, తేడాలు తేల్చుకోవాలి. మిగతావి ఒకరు చూశాక, వాళ్లు తీసేసినవాటిని రెండోవాళ్లు మళ్లీ చూడాలి. తొందరలో కూడా వదలకూడనిది ఆ రెండో చూపు. వారం గడువు కూడా ఇక్కడే వీగిపోతుంది. అంత త్వరగా చేసే బృందాలున్నాయి, కానీ వాటిలో అలవాటుపడ్డ చేతులు నాలుగైదు ఉంటాయి, సెర్చ్ రాయడం తెలిసిన లైబ్రేరియన్ ఉంటారు.

నాణ్యత చూడక్కర్లేదనేవాళ్లు ఐవర్‌మెక్టిన్ మందును గుర్తు తెచ్చుకోవాలి. కోవిడ్ మరణాలను అది బాగా తగ్గిస్తుందని చెప్పిన ఈజిప్టు ప్రీప్రింట్ (నిపుణుల సమీక్షకు ముందే బయటపెట్టిన పేపర్) ఒకటి, అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కవేసే మెటా ఎనాలిసిస్‌లలోకి ఎక్కింది. అందులో డేటా అనుమానాస్పదంగా ఉందని బయటపడి 2021 జూలైలో దాన్ని వెనక్కి తీసేశారు. అలాంటివి తీసేసి మళ్లీ లెక్కవేస్తే మరణాలు తగ్గాయన్న ఫలితం నిలవలేదు. ఈలోగా ఎంతమంది ఆ మాత్రలు మింగారో మనం కళ్లారా చూశాం. రిస్క్ ఆఫ్ బయాస్‌ను (అధ్యయనం ఫలితం పక్కదారి పట్టే ముప్పును) ఒకరు అంచనా వేసి ఇంకొకరు సరిచూస్తే సరిపోతుందని కాక్రేనే వెసులుబాటు ఇచ్చింది. అసలు చూడొద్దని ఎక్కడా అనలేదు.

చాట్‌జీపీటీ సంగతి క్లుప్తంగా చెబుతాను. టైటిళ్లను వరుసలో పెట్టే పరికరాలు పనికొస్తాయి, నేనూ వాడతాను. కానీ లేని పేపర్‌కు జర్నల్ పేరు, ఏడాది, పేజీ నంబర్లతో సహా రిఫరెన్స్ పుట్టించే యంత్రానికి రివ్యూ అప్పగించకూడదు.

థీసిస్‌కు నిజంగానే మూడు నెలలే ఉంటే బ్యాచ్‌మేట్‌ను ఒకరిని పట్టుకోండి. మీ అబ్‌స్ట్రాక్టులు వాళ్లు చూస్తారు, వాళ్లవి మీరు చూడండి. ఏ డేటాబేస్ వదిలేశారో, ఏ భాషల పేపర్లు చూడలేదో, ఎక్కడ ఒక్కరే చూశారో మెథడ్స్‌లో ఉన్నదున్నట్టు రాయండి. వైవాలో అడిగితే ఆ పేజీ తెరిచి చూపించండి.