లచ్చన్న వేసిన ఓటు ఒప్పా, తప్పా?

(1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పడగొట్టినవాళ్లలో ముందున్నది మన బారువలో పుట్టిన రైతు నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న. సోంపేటలో ఒక మామా అల్లుళ్ల మధ్య ఆ తగువు ఇంకా తెగలేదు.)

మావయ్య: పొట్టి శ్రీరాములు ప్రాణమిస్తే వచ్చిన రాష్ట్రం, వచ్చి ఏడాదే అయింది, కర్నూల్లో ఇంకా గుడారాల్లోనే ఆఫీసులు. అలాంటప్పుడు కల్లు కోసం ప్రభుత్వాన్ని కూల్చేస్తారా?

అల్లుడు: కల్లు కోసం కాదు మావయ్యా, గీసేవాళ్ల కోసం. తెల్లారకముందే మోకు బిగించుకుని, నడుముకి కత్తి కట్టుకుని తాటిచెట్టెక్కేవాడికి ఇంకో పనేముంది? మద్యనిషేధం వాళ్ల పొట్ట కొట్టింది. నిషేధం ఎత్తెయ్యమని ప్రభుత్వం వేసిన రామమూర్తి కమిటీయే చెప్పింది, అయినా పంతులుగారు వినలేదు. ఇక సభలో ఉన్నవాడు ఏం చెయ్యాలి?

మావయ్య: తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాళ్ల ఇళ్లు నేను చూశాను. ఆ ఆడవాళ్ల తరఫున ఎవరు ఓటేశారు? పైగా 1955 ఎన్నికల్లో లచ్చన్న ఉన్న కృషికార్ లోక్ పార్టీ, పంతులుగారి ప్రభుత్వాన్ని నిలబెట్టిన కాంగ్రెస్‌తోనే పొత్తు పెట్టుకుంది.

అల్లుడు: పొత్తులు రాజకీయంలో మామూలే. నేను చూసేది ఆయన ఎక్కడి నుంచి వచ్చాడన్నది. 1940లో మందస జమీందారీలో అడవి కట్టెల కోసం రైతులు తిరగబడితే, గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్చారు, వీరగున్నమ్మ అక్కడే నేలకొరిగింది. అలాంటి ప్రాంతంలో రైతు ఉద్యమం నడిపినవాడు అసెంబ్లీకెళ్లి, పెద్దాయన మొహం చూసి నోరు మూసుకుంటే మనవాళ్లకేం ఒరుగుతుంది?

మావయ్య: ఎదిరించడం వచ్చు, కాదన్ను. మరి నీళ్లు? హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు, బాగుంది. వంశధార ఎడమ కాలువ శివారున ఉన్న మడి పేరుతో తడుస్తుందా? నాట్ల టైముకి అక్కడి రైతు కాలువ గట్టు మీద కూర్చుని పైవాళ్లెప్పుడు వదుల్తారా అని చూస్తాడు.

అల్లుడు: ఆ మాట ఆయన్ని కాదు, ఆ తర్వాత కుర్చీలెక్కినవాళ్లని అడుగు. కాలువలో పూడిక తీయించాల్సింది వాళ్లు. ఇరిగేషన్ ఆఫీసుకి వెళ్దాం, వస్తావా?

మావయ్య: వస్తాను. దారంతా మాత్రం ఆ ఓటు ఒప్పేనని నాచేత అనిపించాలని చూడకు, నేననను.